నొక్కాల్సిన చోటు

"తీశావా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు!"

"తియ్యలేదమ్మా."

"మళ్ళీ అదే పాట! నువ్వు తియ్యకపోతే ఎముక దానంతటదే వంగిందా?"

తల్లి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. ఆ నల్లటి ఫిల్ములో కూతురి వెన్నెముక పక్కకి ఒరిగిపోయి తెల్లగా కనిపిస్తోంది. పోయినసారి తీసిన ఫిల్ములో ఇంత ఒంపు లేదు. ఆ తేడా తెలియడానికి డాక్టరీ చదవనక్కర్లేదు.

పిచ్చుక గోడకి వీపు ఆనించి నిలబడింది. ఇంట్లో అందరూ పిలిచే పేరు అదే. తొమ్మిదో తరగతి. ఒంటి మీద ఫోముతో చేసిన కవచం ఉంది. వెండిరంగు ఛాతీ పలకలు, భుజాల మీద రెక్కల్లా పొరలు, నడుం చుట్టూ ఎర్రపట్టీ. ఆ కవచం కింద అసలు సంగతి, గట్టి ప్లాస్టిక్ బ్రేస్. వంగుతున్న వెన్నుని అది పట్టి నిలబెట్టాలి. నిలబెట్టలేదని డాక్టరు ఇవాళ తేల్చేశాడు. ఇంకాస్త వంగితే వీపు కోసి లోపల కడ్డీలు వెయ్యక తప్పదన్నాడు.

"స్నానానికి తప్ప తియ్యలేదు. నిద్రలో కూడా వేసుకునే పడుకున్నా. నువ్వే చూశావుగా!"

"ఇంట్లో చూశాను. బళ్ళో ఏం వెలగబెట్టావో నేనెక్కడ చూడొచ్చాను?"

"బళ్ళో అందరూ దీన్ని చూడ్డానికే వస్తుంటే నేనెందుకు తీస్తానమ్మా?"

మాట సబబుగానే ఉంది. కానీ భయపడిన తల్లికి సబబు ఎక్కడ వినిపిస్తుంది? ఆమె ఫిల్మును మడత మంచం మీద పడేసి, గది మూల కుట్టుమిషను ముందున్న తన ఆడపడుచు, పిచ్చుక మేనత్త వైపు తిరిగింది.

"చూడండి వదినా. మీరు ఇన్నాళ్ళు చేతులు కాల్చుకుని, వేళ్ళు కోసుకుని ఆ కవచం చేసిపెట్టారు. దీనికి ఏమన్నా లెక్కుందేమో చూడండి."

మేనత్త తల ఎత్తలేదు. ఎవరిదో ప్యాంటు, పొడుగు తగ్గించమని ఇచ్చారు. అంచు మడిచి కుడుతోంది. ఆమె వృత్తి అదే. కొత్త బట్టలు కుట్టదు, కుట్టినవాటిని సరిచేస్తుంది. బిగుతైనవి వదులు, వదులైనవి బిగుతు.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనియ్యమ్మా, మరదలా" అంది నెమ్మదిగా.

"ఊపిరా? నాకు ఊపిరాడట్లేదు వదినా! అంత పెద్ద డాక్టరు కూడా దీన్నే అనుమానించాడు. ఎందుకైనా మంచిది, నొక్కాల్సిన చోట బ్రేస్ నొక్కుతోందో లేదో, చేసినవాళ్ళకి ఓసారి చూపించమన్నాడు. చూపించడానికేముంది, నా తలకాయ! ఒంటి మీద ఉంటే నొక్కుతుంది, సంచిలో ఉంటే ఏం నొక్కుతుంది?"

మేనత్త కాలు మిషను పెడలు మీద ఆగిపోయింది.

నొక్కాల్సిన చోట. ఆ మాట ఆమె చెవిలోనే తిరిగింది. మెల్లగా తల ఎత్తి చూసింది. పిచ్చుక కూడా తననే చూస్తోంది. చూసి, వెంటనే చూపు దించేసుకుంది.

అప్పుడే గుమ్మంలో తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులకి ఇంకా గ్రీజు ఉంది. డాక్టరు చెప్పింది ఫోనులో తెలిసి, పని మధ్యలో వదిలేసి వచ్చేశాడు. అతనిది అరిచే కోపం కాదు. మాట తగ్గేకొద్దీ కోపం పెరిగినట్టు లెక్క.

"బళ్ళో ఎవరన్నా దాని జోలికొచ్చారా?" అని కూతుర్ని అడిగాడు.

"లేదు నాన్నా."

"ఎవరన్నా ఆట పట్టించి, లాగి, వంచి, ఏదన్నా చేశారా?"

"లేదు."

"చేసుంటే చెప్పు. ఎవరైనా సరే. నా పిల్ల వెన్నుతో ఆడుకున్నవాళ్ళు నాకు బంధువైనా ఒకటే, పరాయైనా ఒకటే. వాళ్ళ మొహం జన్మలో చూడను."

పరాయిపిల్లల మీద కోపంతో అన్నాడు పాపం. కానీ ఆ గదిలో ఆ మాట తగలాల్సిన మనిషికే తగిలింది. మేనత్త చేతిలోని ప్యాంటు ఒళ్ళోకి జారింది.

"నేను తీసుకెళ్తాను" అంది. "బ్రేస్ చేసినవాళ్ళ దగ్గరికి. ఇప్పుడే వెళ్తాను. విప్పి ఇవ్వు పిచ్చుకా."

"ఇప్పుడెందుకక్కా, రేపు..."

"ఇప్పుడే వెళ్తాను తమ్ముడూ."

*

ఆ కవచం ఎలా పుట్టిందో చెప్పుకోవాలి.

బడిలో పిల్లలు పిచ్చుకని తాబేలని పిలవడం మొదలుపెట్టారు. చొక్కా కింద గట్టిగా తగిలే బ్రేస్ మీద వేళ్ళతో తట్టి, లోపల ఎవరన్నా ఉన్నారా అని అడిగేవారు. పిల్ల ఓరోజు ఇంటికొచ్చి, బ్రేస్ విప్పి, మేడ మీంచి కిందికి గిరాటేసింది. తల్లి కొట్టింది, తండ్రి మాట్లాడ్డం మానేశాడు. బ్రేస్ బీరువా మీదికెక్కి కూర్చుంది.

అప్పుడు మేనత్త కంట్లో పడ్డాయి పిల్ల గీసుకున్న బొమ్మలు. ఉక్కు పిచ్చుకట. ఎగిరే వీరవనిత, వెండి కవచం, ఎర్ర నడికట్టు.

"ఏమే, నీ డిప్ప మీద ఈ కవచం కడితే వేసుకుంటావా?" అని అడిగింది.

"నువ్వు కట్టగలవా అత్తా?"

"బట్టలు కుట్టేదాన్ని, ఫోము కుట్టలేనా?"

అదీ ధీమా. పిల్లలు ఆడుకునే గదుల్లో నేల మీద పరిచే ఫోము షీట్లు కొనుక్కొచ్చింది. ఫోనులో వీడియోలు చూస్తూ పిచ్చుక చెబుతుంటే తను కోసేది. మొదటి ఛాతీ పలక చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. అలవాటు ఊరుకోదు కదా, బట్టకి వదిలినట్టే ఫోముకీ చుట్టూ కుట్టు కోసమని వేలెడు మేర వదిలి కోసింది.

"ఫోముకి కుట్టు ఉండదత్తా! అంచుకి అంచు ఆన్చి అతికించాలి. చూడు, ఇందులో నాతోపాటు నువ్వు కూడా పడతావు!"

మళ్ళీ కోసింది. బ్లేడు మొద్దుబారితే అంచు చీరుకుపోతుందని తెలుసుకుంది. చెప్పులకి వాడే గమ్ము పూసి, తడిగా ఉండగానే అతికించబోతే జారిపోయింది. వేలికి అంటనంత ఆరాకే రెండు అంచులూ కలపాలి, కలిపాక ఇక జరపడానికి లేదు. ఆ వాసనకి తల తిరిగి, ఆ పనంతా వసారాలోకి మార్చుకుంది. ఒకసారి రెండు చేతి కవచాలూ ఎడమచేతివే చేసింది. తమ్ముడి పనిముట్ల పెట్టెలోంచి, వేడిగాలి చిమ్మే హీట్ గన్ను తీసుకుని వేడి పెట్టడం నేర్చుకుంది. ఫోముకి వేడి తగిలితే మెత్తబడుతుంది. మోకాలి మీద వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఇక ఆ వంపు పోదు. ఆ పని అంటే ఆమెకి పిచ్చి ఇష్టం పుట్టింది. ఒంటికి తగ్గట్టు దారంతో కాక, చేత్తో వంచి తయారుచెయ్యడం ఆమె ఎప్పుడు చేసింది గనక?

పిచ్చుక కవచం వేసుకుని బడికెళ్ళిన రోజున మరదలు ఆనందం పట్టలేక ఏడ్చేసింది. మొగుడు వదిలేస్తే తమ్ముడి పంచన చేరిన ఆడపడుచుని అన్నేళ్ళూ మొహమాటానికి భరించిన మనిషే, ఆరోజు నుంచి "మా వదిన" అని పదిమందికీ చెప్పుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి పిచ్చుక వచ్చి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది.

"అత్తా, ఇక్కడ నొక్కుతోంది. లోపల డిప్ప పొడుస్తోంది. తప్పదు, సర్దుకుంటాలే."

జీవితమంతా ఆమె విన్నది ఆ ఒక్క మాటే. అక్కా ఇక్కడ పట్టేస్తోంది, అమ్మా ఇక్కడ నొక్కుతోంది. నొక్కిన చోట వదులు చెయ్యడం ఆమెకి కళ్ళు మూసుకుని చేసే పని. "సర్దుకోవడమెందుకే, నేను లేనూ?" అంది. హీట్ గన్ను ప్లాస్టిక్ మీద కూడా పనిచేస్తుందేమో చూసింది. పనిచేసింది. చొక్కా చేతులు ఇస్త్రీ చేసే చెక్కని లోపల్నుంచి ఆనించి, బయటికి నెట్టి, చల్లారేదాకా పట్టుకుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందత్తా!" అంది పిచ్చుక.

*

బ్రేస్ చేసేవాడి షాపు ఆసుపత్రి వెనక సందులో ఉంది. గోడ పొడుగునా తలలు, చేతులు లేని ప్లాస్టరు అచ్చు మొండేలు నిలబెట్టి ఉన్నాయి. అన్నీ పిల్లలవే. నేలంతా తెల్లటి పొడి.

అతను ముందు కవచాన్ని చూసి ముచ్చటపడ్డాడు. "ఎవరు చేశారమ్మా? భలే కుదిరింది! మా దగ్గరికొచ్చే పిల్లలకి ఇలాంటివి చేసిపెట్టకూడదూ?"

ఆ మెప్పు ఆమెకి పుండు మీద కారంలా తగిలింది. "లోపల చూడండి" అంది.

అతను బ్రేస్ లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. చెయ్యి ఒకచోట ఆగింది. మళ్ళీ తడిమాడు. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

"దీనికి ఎవరు వేడి పెట్టారు?"

"నేనే."

ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! అదే మాట ఇంట్లో అనడానికి నోరు రాలేదు.

"ఎందుకమ్మా?"

"నొక్కుతోందంటే..."

"నొక్కడానికేనమ్మా చేసింది!" అతను బ్రేస్ని బల్ల మీద ఠక్కున పెట్టాడు. "ఇక్కడ లోపలికి తోస్తేనే వెన్ను అటుపక్కకి నెట్టబడుతుంది. అవతలివైపు నొక్కు అలాగే ఉంది, ఇవతలివైపు మీరు తీసేశారు. అంటే ఇన్నాళ్ళూ పిల్లని ఒకే పక్కకి తోస్తూ ఉందన్నమాట. దీన్ని వేసుకోవడం కంటే వేసుకోకపోవడమే నయం."

మేనత్త బల్ల అంచు పట్టుకుంది. పిల్ల నిద్రలో కూడా వేసుకునే పడుకుంది. మాట తప్పలేదు. చెప్పినట్టు విని, బుద్ధిగా, ఒక్కపూట మానకుండా వేసుకుంది.

"సరిచెయ్యలేరా?"

"ఇది కుదరదు. మళ్ళీ అచ్చు తీసి కొత్తది చెయ్యాలి. పిల్ల ఎదిగే వయసు, ఆలస్యమయ్యేకొద్దీ ఒంపు ముదురుతుంది. రేపు పొద్దున్నే తీసుకురండి. అప్పటిదాకా దీన్ని ఒంటికి తగలనివ్వకండి." అతని గొంతు కొంచెం తగ్గింది. "వాళ్ళ అమ్మానాన్నలకి తెలుసా?"

"చెబుతాను."

"చెప్పండి. రాలేదంటే నేనే డాక్టరుకి కబురు చెయ్యాల్సొస్తుంది."

"చెబుతానన్నానుగా" అంది. బ్రేస్ తీసుకుని బయటికి నడిచింది.

*

దారంతా ఒకటే వాక్యం కూడబలుక్కుంది. తమ్ముడూ, పిల్ల తప్పు లేదు, నేనే పాడుచేశాను. మెట్లెక్కుతూ కూడా పైకే అనుకుంది. ఎదురొచ్చిన పక్కింటావిడ, ఎవరితో మాట్లాడుతోందోనని వెనక్కి తిరిగి చూసింది.

తలుపు తీసే ఉంది. లోపల అరుపుల్లేవు. తమ్ముడు మడత మంచం మీద కూర్చుని ఉన్నాడు. మరదలి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పిచ్చుక వంటింటి గడప దగ్గర నిలబడింది. బ్రేస్ లేని ఒళ్ళు ఒక పక్కకి వాలి, ఒక భుజం పైకి లేచి ఉంది. ఇన్నాళ్ళూ కవచం కింద ఆ వాలు కనిపించనే లేదు.

"తమ్ముడూ..."

"ఒప్పుకుందక్కా" అన్నాడు అతను.

"ఎవరు? ఏమొప్పుకుంది?"

"అదే. రోజూ బళ్ళోకి వెళ్ళగానే విప్పి సంచిలో పెట్టేసేదట. ఇంటికొచ్చే ముందు మళ్ళీ తగిలించుకునేదట."

"అదేంటి! అది నిజం కా..."

"నిజమే అత్తా." పిచ్చుక గొంతు గట్టిగా వచ్చింది. "నేనే తీసేశా. ఉక్కపోస్తోందని."

మరదలు లేచి వచ్చి ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "మీ కష్టమంతా బూడిదలో పోసింది వదినా. దీన్ని కన్నందుకు నాకే సిగ్గుగా ఉంది. మీ ముందు ఎలా తలెత్తుకోను?"

మేనత్త "మంచినీళ్ళు తాగొస్తాను" అని చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి నడిచింది. నడుస్తూ పిచ్చుక రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

"ఎందుకే అబద్ధం చెప్పావు?"

"మెల్లగా అత్తా."

"ఎందుకు చెప్పావే?"

"నాన్న అన్నది వినలేదా? మొహం జన్మలో చూడనన్నాడు." పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నన్నయితే తిడతారు, కొడతారు, మళ్ళీ వాళ్ళే అన్నం పెడతారు. నిన్నయితే పంపించేస్తారు. నువ్వెక్కడికెళ్తావు?"

మేనత్త పిల్ల తలని గుండెకి హత్తుకుంది. "పిచ్చి మొహమా! దీన్ని వేసుకుంటే ఇంకా వంగిపోతావే. రేపే కొత్తది చేయించాలి. నేను చెప్పేస్తాను, నువ్వూరుకో."

"వద్దు! చెప్పావంటే నీతో మాట్లాడను, ఒట్టు. నేను నిటారుగా నిలబడతాగా. ఊపిరి బిగబట్టి నిలబడతా. నువ్వే చూడు."

చూడమని, పిల్ల నిజంగానే ఊపిరి బిగబట్టి, మెడ సాగదీసి నిలబడింది. ఎంత సాగదీసినా ఒక భుజం పైనే ఉంది.

"అక్కా!" తమ్ముడు ముందుగదిలోంచి పిలిచాడు. "ఇంతకీ వాళ్ళేమన్నారు? బ్రేస్‌లో ఏమన్నా లోపముందా?"

ఆమె గడప దాటి ముందుగదిలోకి వచ్చింది. తమ్ముడు తలెత్తి చూస్తున్నాడు. చిన్నప్పుడు ఆమె ఎత్తుకు తిప్పిన తమ్ముడే. మరదలు ఆమె కోసం కుర్చీ లాగి, తుండుగుడ్డతో తుడుస్తోంది. ఎన్నేళ్ళకి తుడిచింది ఆమె కోసం ఒక కుర్చీ! ఇప్పుడు చెప్పెయ్యాలి. నోరు తెరిచింది.

"బాగానే ఉందన్నారు" అంది.

ఆ మాట ఎవరన్నారో ఆమెకే ఒక క్షణం తెలియలేదు. రేపు పొద్దున చెబుతాను, పొద్దున్నే చెబుతాను, తెల్లారకముందే లేపి చెబుతాను. మనసులో అలా గొణుక్కుంటూనే ఉంది.

"నేననుకున్నదే" అంటూ తమ్ముడు లేచాడు. ఆమె చేతిలోంచి బ్రేస్ అందుకున్నాడు. "ఇలా రావే."

పిచ్చుక వచ్చి, చెప్పకుండానే రెండు చేతులూ పైకెత్తింది.

"ఇంక రోజూ నేనే కడతాను. బళ్ళో కూడా చెప్పొస్తాను. స్నానానికి కూడా నన్నడిగే విప్పాలి. తెలిసిందా?"

"తెలిసింది నాన్నా."

"ఒరేయ్, ఇప్పుడెందుకు..." మేనత్త ఒక అడుగు ముందుకేసింది. "కాసేపు... దానికి కాస్త గాలి తగలనియ్యరా."

"గాలి తగిలే ఇంత దూరం వచ్చిందక్కా."

అతను వెన్ను వెనక పట్టీలు ఒకటొకటిగా లాగి బిగించాడు. లిఫ్టు తాళ్ళు లాగే చేతులవి. పిల్ల ఒళ్ళు ప్రతి లాగుకీ ఒకపక్కకి ఒరుగుతోంది. ఫోము పలకలు కిర్రుమన్నాయి. అతను వంగి, కవచం కింద పక్కటెముకల దగ్గర వేలు ఆనించి, కూతురి మొహంలోకి చూశాడు. అంత కోపంలోనూ గొంతు మెత్తబడింది.

"ఇక్కడ నొక్కుతోందా అమ్మా?"

పిచ్చుక తండ్రిని చూడలేదు. అతని భుజం మీదుగా మేనత్త కళ్ళల్లోకి చూసింది.

"నొక్కుతోంది నాన్నా" అంది. "బాగా నొక్కుతోంది."